మేకు కొట్టని చెక్క

కరెంటు మేస్త్రి ఆ రోజు తాగి పనిలోకి వెళ్లాడని, అందుకే బావమరిది ప్రాణం పోయిందని మన వీధిలో చెప్పుకుంటారు. చెప్పేవాళ్ల నోటికి తాళం వెయ్యలేం గానీ, ఆ మాటలో పిసరంత నిజం లేదు. ఆస్పత్రిలో అతని చొక్కా గుప్పుమన్నది పైపులు అతికించే జిగురు వల్ల.

ఇరవై ఏళ్లుగా అతను కొత్త భవనాలకు వైరింగు చేశాడు. భార్య తమ్ముడికి పని నేర్పి, తనతో సమానంగా నిలబెట్టాడు. టెస్టరు పెట్టందే ఏ తీగా ముట్టుకోవద్దని చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. నేల సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ముందురోజు మూడో అంతస్తులో, కేబుళ్లు దించడానికి స్లాబులో వదిలిన ఖాళీ మీద మేస్త్రే ఒక ప్లైవుడ్ చెక్క కప్పాడు. మేకులు కొట్టలేదు. సుద్దముక్కతో గుర్తయినా గియ్యలేదు. తెల్లారేసరికి దుమ్ము పేరుకుని, అక్కడ పడేసిన చెక్కల్లో అదీ ఒకటైపోయింది.

ఎగుడుదిగుడు నేల. మేస్త్రి రెండు మెట్లెక్కేసరికి నిచ్చెన ఊగింది.

"బావా, నీ భారానికి నిచ్చెన చాలదు, లిఫ్టు పెట్టించాల్సిందే!"

"వాగింది చాలు గానీ, దీని కింద పెట్టడానికి ఆ చెక్క పట్రా."

బావమరిది చెక్కను రెండు చేతులా ఎత్తి, ఒంటికి అడ్డంగా పట్టుకున్నాడు. ఇక కాళ్ల ముందేముందో కనబడదు. ఒక్కడుగు వేశాడు. చెక్క ఖాళీకి అడ్డంపడి ఆగింది. మనిషి ఆగలేదు.

మేస్త్రి మళ్లీ ఏ కట్టడమూ ఎక్కలేదు. ముందుగదిలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తూ కూర్చున్నాడు. తాగాడన్న మాట చెవిన పడినా కాదనలేదు. తాగినవాడికైతే ఒళ్లు తెలియలేదనుకుంటారు కదా, ఆ చాటు అతనికి కావలసివచ్చింది.

భార్యకు అదే అంతుపట్టలేదు. చుక్క ముట్టని మనిషి ఈ నింద ఎందుకు మోస్తున్నట్టు? ఎనిమిది నెలలు పెదవి విప్పలేదు. జవాబు విన్నాక ఈ మనిషితో ఒకే ఇంట్లో ఉండగలనా అని ఆమె భయం.

ఒక మధ్యాహ్నం అతని ఎదుట పీట వేసుకుని కూర్చుంది.

"ఏవండీ, వాళ్లూ వీళ్లూ అన్నారని కాదు. పోయింది నా తమ్ముడు. ఆ చెక్క కింద ఖాళీ ఉందని మీకు తెలుసా, తెలీదా?"

అతను విప్పిన మోటారు పక్కకు జరిపాడు.

"తెలుసు. కప్పింది నేనే. నిచ్చెన మీదున్నప్పుడు మాత్రం అది నాకు ఉత్త చెక్కలాగే కనబడింది. పట్రా అన్నాను. వాడు నా మాట ఎప్పుడు కాదన్నాడు చెప్పు?"