అవ్వ కీ ఇచ్చిన గడియారం

నా చిన్నప్పుడు మేం బెల్లంపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. అమ్మను నేను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేదాన్ని. జ్వరం ముదిరి కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోతే ఆమె మళ్లీ ఇంటికి రాలేదు. కర్మలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. బాపు మళ్లీ గనిలోకి దిగసాగాడు. బడి నుంచి వచ్చాక ఇంట్లో నాకు తోడు గోడ గడియారం ఒక్కటే.

నిండా కీ ఇస్తే అది నెల దాకా నడిచేది. ఆ పని అవ్వదే. ఆసుపత్రికి పోయే రోజు పొద్దున కూడా కొంగు నడుముకు దోపుకుని, స్టూలెక్కి, కీ ఇక తిరగనంత వరకూ తిప్పింది. అందుకే ఆ టిక్కుటిక్కు అవ్వ చేతిదేనని నాకు అనిపించేది. బాపు ఓసారి కీ ఇవ్వబోతే ఏడ్చి ఆపాను.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి లోలకం కదలడం లేదు. చుట్టుపక్కల ఇళ్లన్నింట్లో మాటలు వినిపిస్తున్నాయి. లోపలికి పోబుద్ధి కాక గడప మీదే కూర్చున్నాను.

కాలేజీలో సైన్సు చదివే పక్కింటి అక్క నన్ను చూసి వచ్చింది.

"ఏమైంది చెల్లె?"

"అవ్వ తిప్పింది అయిపోయింది అక్కా."

ఆమె నవ్వలేదు. గడియారం దించి, వెనక మూత తీసి, లోపలి స్ప్రింగు చూపించింది.

"మీ అవ్వ తిప్పినప్పుడు ఆమె బలమంత గిండ్ల దాగింది. రోజింత విప్పుకుంట ముల్లును నడిపింది, చప్పుడు చేసింది. ఊకెనే పోలే. ఇప్పుడు నువ్వు తిప్పు."

"నేను తిప్పితే అది అవ్వది కాదు గదా."

అక్క నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మరి గీ చేతికి బలం ఎక్కడికెల్లి వచ్చింది? ఇన్నేండ్లు నీకు బువ్వ పెట్టింది ఎవలు?"

రెండు చేతులతో కీ పట్టుకుని తిప్పాను. తిప్పేకొద్దీ లోపల స్ప్రింగు బిగుసుకోవడం వేళ్లకు తెలిసింది. అక్క గడియారాన్ని మళ్లీ గోడకు తగిలించి, లోలకాన్ని మెల్లగా కదిపి వదిలింది.

డ్యూటీ దిగి వచ్చిన బాపు గుమ్మంలోనే ఆగి టిక్కుటిక్కు విన్నాడు. "కీ నువ్వే ఇచ్చినవా బిడ్డా?" అని అడిగాడు. తలూపాను. బట్టలైనా మార్చుకోకుండా వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఆ రోజుతో ఒంటరితనం పోలేదు. ఈ వయసులోనూ కొన్ని సాయంత్రాలు అలాగే ఉంటాయి. కానీ ఎవరి ముందు కంచం పెట్టినా, వాళ్లు చాలన్నాక కూడా నా చెయ్యి ఇంకొంచెం వడ్డిస్తుంది. ఆ మెతుకుల బలం ఎప్పుడు, ఏ పనిలో బయటికి వస్తుందో చూడటానికి నేను ఉండకపోవచ్చు. అయినా వడ్డిస్తాను.