ముప్పయ్యొక్క గౌన్లు, ఒక కొలతల పట్టిక

ముప్పయ్యొక్కమంది యువతీయువకులకు, వారి కన్నవారి కళ్లెదుటే, ఒకే ఉదయం ఊపిరాడకుండా చేసిన ఘనత నాకున్నది. నేరానికి వాడిన సరుకు నల్లగుడ్డ. ఆయుధం అరవై అంగుళాల టేపు. జరిగింది జరిగినట్టే చెబుతాను. అంకెలు నావి కనుక అవి తప్పవు. తప్పింది నేనొక్కడినే.

పన్నెండేళ్ల కిందటి మాట. అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేచాయిగాని వాటి మీద రైలింకా రాలేదు. భూముల సర్వే శాఖలో ముప్పైనాలుగేళ్లు గొలుసు లాగి అప్పుడే పదవీ విరమణ చేశాను. కొలవడానికి పొలాలు లేని సర్వేయరు ఇంట్లో ఎంత ప్రమాదకరమో పాఠకులు ఊహించగలరు. తలుపులు కొలిచాను, కిటికీలు కొలిచాను. మా ఆవిడ కూర్చున్న చాపను ఆమె కూర్చుని ఉండగానే కొలవబోతే, కొంతకాలం బయట తిరిగి రమ్మన్నది.

ఆ వారమే మా అక్క కొడుకు శేఖర్ పిలిచాడు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు నేర్పే చిన్న సంస్థ అతనిది. పంజగుట్టలో హాలు తీసుకొని, విద్యార్థులకు నల్ల గౌన్లు తొడిగి సర్టిఫికెట్లు ఇవ్వాలనీ, ఎవరి గౌను వారికే గుర్తుగా ఇచ్చేయాలనీ అతని సరదా. కుట్టేది యాదగిరి. సిరిసిల్ల మగ్గాల ఇంట పుట్టి, నగరానికొచ్చి దర్జీ అయినవాడు. ఎస్.ఆర్. నగర్‌లో ఆర్నెల్ల కిందట సొంత దుకాణం తెరిచాడు. ఈ పని నచ్చితే ఏటా గౌన్లు నీకేనని శేఖర్ మాటిచ్చాడు. ఆ మాట మీదే యాదగిరి, అప్పటిదాకా సగంపూట చేస్తున్న పాత యజమాని దగ్గరి కొలువు పూర్తిగా వదులుకున్నాడు.

"మామా, జర నువ్వు సుత చూస్కో" అన్నాడు శేఖర్ నాతో. అంతే చాలు నాకు.

మెడ, భుజం, ఛాతీ, చంక, చేయి, పొడవు. మనిషికి ఆరు చొప్పున నూట ఎనభైయారు కొలతలు, ఒక్కొక్కటి రెండేసిసార్లు తీయించాను. అమ్మాయిలను మా ఆవిడ కొలిచి చెబుతుంటే నేను గోడకు ముఖం పెట్టి రాసుకున్నాను. ఎర్ర సిరాతో గీతలు కొట్టిన ఆ పట్టికను ఏ తహశీల్దారు చూసినా కళ్లకద్దుకునేవాడు. యాదగిరి మాత్రం దాన్ని పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చదివాడు.

"సార్, గివి కుర్తా కొలతలు" అన్నాడు చివరికి.

"ఇవి మనిషి కొలతలు. గుడ్డ మారినంత మాత్రాన మనిషి మారడు కదా."

"మనిషి మారడు సార్. కుర్తా ఒంటి మీద ఏస్కుంటరు. గౌను బట్టల మీద ఏస్కుంటరు. దానికి భుజం, పొడువు చూస్తె చాలు, కడమదంత ఇడిచిపెట్టాలె. ముందల తెరిచే ఉండాలె."

ఎన్ని అంగుళాలు విడిచిపెట్టాలో చెప్పమన్నాను. అతను రెండు చేతులూ బారచాపి "గింత" అన్నాడు. అంకె లేని మాటను నేను లెక్కలోకి తీసుకోను. ఇంటికి వెళ్లి నా ఖద్దరు లాల్చీ తెచ్చి అతని బల్ల మీద పరిచి, ఇదే నమూనా అని తేల్చాను. ఛాతీ మీద రెండంగుళాల వదులు, ముందు మూసి, మెడ దగ్గర మూడు గుండీలు, తల మీదుగా తొడుక్కోవడం. రెండూ వదులు బట్టలే, రెండూ మోకాళ్లు దాటేవే, ఇక తేడా ఎక్కడిదన్నాను. ముందు తెరిచిన గుడ్డకు క్రమశిక్షణ ఉండదని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అతను ఇంకోసారి వద్దని చెప్పి చూశాడు. కొత్తగా దుకాణం పెట్టినవాడు ఆర్డరిచ్చినవాళ్ల మేనమామతో ఎంతని వాదిస్తాడు? "మీ ఇష్టం సార్" అని కత్తెర అందుకున్నాడు.

శనివారం పదిన్నరకు సభ. తొమ్మిదీ ఇరవైకి మొదటి గౌను నవీన్ అనే కుర్రవాడికిచ్చాము. బాబాయి దగ్గర అడిగి తెచ్చుకున్న కోటు వేసుకొచ్చాడు. చేతులు పైకెత్తి గౌనులోకి దూరాడు, సగంలో ఆగాడు. తల లోపలే ఉండిపోయింది, చేతులు ఆకాశం వైపు నిలిచిపోయాయి. గోనెసంచిలో దూరిన పిల్లికి కూడా అంతకన్న మర్యాదగా తోక కదిలించే వీలుంటుంది.

"సార్, ఇగ ఎటు పోవాలె?" అని లోపలినుంచి వినిపించింది.

నేను పట్టిక చూశాను. "నీ ఛాతీ ముప్పైయెనిమిది. గౌను నలభై. నువ్వు పట్టి తీరాలి."

"నేను పడ్త సార్. కోటు పడ్తలేదు."

పక్కన పట్టుచీరల అమ్మాయిల గౌన్లు మల్లెపూల దగ్గరే నిలిచిపోయాయి. ఐదు నిమిషాల్లో హాలు వెనకంతా చేతులెత్తిన నల్లని ఆకారాలే. పోలీసులు దాడి చేసినా అంతమంది ఒక్కసారి లొంగిపోరు. శేఖర్ వచ్చి చూసి, "ఎవలియి గీ కొలతలు?" అని అడిగాడు.

"నాయే అన్నా" అన్నాడు యాదగిరి. "కత్తెర నాది."

నా వైపు చూడనైనా చూడలేదు. శేఖర్ ముఖంలో వచ్చే ఏటి ఆర్డరు చెరిగిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

ముప్పైనాలుగేళ్లు ఇతరుల హద్దులు సరిచేసినవాణ్ణి. నా తప్పును నోటితో ఒప్పుకోవడం అదే మొదలు. "కొలతలు నావి, లాల్చీ నాది. అతను రెండుసార్లు వద్దన్నాడు" అన్నాను.

యాదగిరి అప్పటికే నవీన్ దగ్గరికి నడిచాడు. "ఊపిరి బిగవట్టు తమ్మీ" అని, మెడ నుంచి అంచు దాకా ఒకే గీతలా కత్తెర నడిపాడు. గుడ్డ రెండుగా విడిపోయి భుజాల మీదికి జారింది. చంకల కింద కుట్టు విప్పాడు. కోటు బయటపడింది, కుర్రవాడూ బయటపడ్డాడు. లాల్చీ పోయి గౌను వచ్చింది. రెంటికీ తేడా ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది.

"సూది దారమున్న అమ్మలు ఎవరన్న ఉన్నరా?" అని హాలులోకి కేకేశాడు. ముందు వరుసలోని తల్లులు లేచి వచ్చారు. సంచుల్లోంచి సూదులు, పిన్నీసులు తీశారు. "మా పిల్లదాని గౌను నేనే కుడుత, గాడ ఊకె కూసుండి ఏం జెయ్యాలె" అని ఒకావిడ నేల మీదే బాసిపట్టు వేసుక్కూర్చుంది. కోసిన అంచులు మడిచి టాకాలు వేస్తూ, మధ్యమధ్య నన్నొకసారి చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వుకు నేను పూర్తిగా అర్హుణ్ణి. ఇరవై నిమిషాలు ఆలస్యంగా సభ మొదలైంది. ముప్పయ్యొక్కమందీ వేదిక ఎక్కి, గాలికి ఎగిరే గౌన్లతో సర్టిఫికెట్లు పుచ్చుకున్నారు. ఏ సూది ఎవరిదో, ఏ తల్లి ఏ ఊరి నుంచి వచ్చిందో నేను రాసుకోలేదు. నా జీవితంలో నమోదు కాకుండా మిగిలిన రుణం అదొక్కటే.

మరుసటి ఏడు ఆర్డరు యాదగిరికే వెళ్లింది, ఈ ఏడూ అతనిదే. ఇచ్చిన ప్రతిసారీ శేఖర్ పెట్టే షరతు మాత్రం మారలేదు: "గౌన్లు హాలుకొచ్చేదాంక మా మామను దుకాణంల అడుగు వెట్టనియ్యకు."

సబబైన షరతే. కనుక, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇందుమూలముగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి బట్టకూ కొలత చెప్పను. నా బట్ట కుట్టించుకునే రోజున కూడా యాదగిరి ముందు చేతులు చాపి, నోరు మూసుకొని నిలబడతాను. ఊపిరి సైతం అతను వదలమన్నప్పుడే వదులుతాను.