మెడలో ఏదీ ఉండకూడదు

ఇది నేను ఇంతకు ముందే రాయవలసింది. అప్పట్లో రాయడం రాదు. అరవై ఏళ్ళు దాటాక, కాలనీలో ఒక టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. అంతకు ముందు ఎవరిచేతనైనా రాయించుకుందామంటే ఇంట్లో రాయడం వచ్చినవాడు మా ఆయనొక్కడే. ఇది ఆయన సంగతే.

తొంభైల్లో మేము ఉత్తరాదిన, సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా అక్క రొమ్ములో గడ్డతో పోయింది. అది విని డిస్పెన్సరీ డాక్టరమ్మ, నొప్పి లేకపోయినా రొమ్ముకు ఎక్స్‌రే తీయించుకోవాలని, యాభై దాటాక అశ్రద్ధ చేయకూడదని పెద్దాసుపత్రికి చీటీ రాసింది. ఆయన ఏటా గుండె పరీక్ష చేయించుకునేవాడు. రిపోర్టు బాగుందంటే మిఠాయి తెచ్చేవాడు. నా చీటీ మాత్రం ఫ్రిజ్ మీద నెలల తరబడి పడి ఉంది. బోర్డులు చదవలేను కనుక ఆయనే తీసుకెళ్ళాలి.

చివరికి తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే గదిలో అమ్మాయి నా పుస్తెలతాడు చూపించి, "మాతాజీ, యే ఉతారో" అంది. మెడలో ఏదీ ఉండకూడదట. తలుపు తీసి ఆయన్ని అడిగాను.

"ఒక్క క్షణం తీసి మీ చేతికిస్తానండీ. అందాకా చేతికి పసుపుకొమ్ము కట్టుకుంటాను."

వరండాలో కూర్చున్నవాళ్ళంతా తిరిగి చూసేలా నవ్వాడు.

"నేను బతికుండగానే తీస్తావా? అంత తొందరేమే? నేను చచ్చాక ఎలాగూ తీస్తారు. అప్పుడొచ్చి ఎన్ని ఫోటోలు కావాలంటే అన్ని తీయించుకో. చలో, చలో."

ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా అదే చెప్పి నవ్వాడు. నేను టీలు అందించాను.

చలికాలంలో స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. చెప్పాను.

"మీ అక్కను తలుచుకుని తలుచుకుని తెప్పించుకున్నావు" అన్నాడు.

వేసవికి అది ఉసిరికాయంత అయింది. ఇప్పుడక్కడ కుట్లమచ్చ తప్ప ఏమీ లేదు. ఆ వేసవిలోనే ఆయన గుండెపోటుతో పోయాడు. ఆ ఏడు కూడా రిపోర్టు బాగుందని మిఠాయి తిన్నాం.

పదోరోజు తెల్లవారుజామున ఆయన అక్క నా మెడలో తాడు తెంపింది. నా కంట నీరు రాలేదని ఆవిడకు కోపం.

"ఏడువు! రాయిలా కూర్చున్నావేం? నలుగురూ ఏమనుకుంటారు?"

"పెద్దాసుపత్రి పొద్దున ఎన్నింటికి తీస్తారో తెలుసా, వదినగారూ?"

"ఆడదానివేనా నువ్వు?" అంది.

మర్నాడు ఉదయం పాత చీటీ కొంగున ముడేసుకుని, ఆటోవాడికి ఆసుపత్రి పేరు చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. ఎక్స్‌రే గదిలో అదే అమ్మాయి. నా మెడ చూసి, ఏదీ తీయమనలేదు. రవికె విప్పి నిలబడి, ఎన్ని ఫోటోలు కావాలంటే అన్ని తీసుకోమన్నాను.