ఆవం మూతి దగ్గర చోటు

పిన్నిగారు పోయేరని అమలాపురం ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోను చేసేటప్పటికి నేను ఆవిడ షెడ్డులోనే కూర్చుని బూడిద జల్లిస్తున్నాను. కొబ్బరి మట్టల బూడిద, కుండల పూతలోకి. రాగానే "జల్లించేరాండి?" అని అడుగుతారు కదా, అందుకని. ఫోను పెట్టేసి, ఏం చెయ్యాలో తెలీక, మిగిలిన బూడిద కూడా జల్లించేసేను. ఆ తర్వాత ఏడ్చేను. పక్క తోటలో కాయలు దింపుతున్నవాళ్ళు చెట్టు దిగొచ్చి చూసేంత గట్టిగా ఏడ్చేను.

ఆసుపత్రికి వెళ్ళిన రోజు పొద్దున్నే ఆవిడ ఆవం నింపేరు. ఏడాది పనంతా లోపల సర్ది, ద్వారం ఇటుకలతో మూసి, మట్టి మెత్తి, "రేపు ముట్టిద్దామండి" అని చెయ్యి కడుక్కుంటూ గుండె పట్టుకున్నారు. అంచేత ఆ కబురుతో పాటే నా నెత్తిన ఇంకోటి పడింది. ఆవం నిండా కాల్చని కుండలున్నాయి, కాల్చాల్సిన మనిషి లేరు.

మీలో ముక్తేశ్వరం వైపు వాళ్ళకి ఆవిడ గురించి చెప్పక్కర్లేదు. తాటాకు టోపీ పెట్టుకుని సైకిలు మీద వెళ్తూ, ఎదురొచ్చిన గేదెకి కూడా తల వంచి దారిచ్చే ముసలావిడ. ఊరందరికీ జపాన్ పిన్నిగారు. వాళ్ళ దేశంలో కుండలు చేసేవారు. ఇక్కడేదో కాలేజీలో పాఠాలు చెప్పడానికొచ్చి, సెలవుల్లో గోదావరి చూడ్డానికి వస్తే, మా రేవులో పంటు పడవ దిగుతూ కాలు జారి ఒండ్రులో కూలబడ్డారట. లేవడం మానేసి, చేతికంటిన మట్టిని వేళ్ళతో నలుపుతూ అక్కడే కూర్చున్నారట. ఆ మట్టి కోసం ఉండిపోయేరు. మా కొబ్బరితోట పక్కనున్న నేల చెక్క అద్దెకి తీసుకుని, షెడ్డు వేసి, గట్టు వాలు మీద పొడుగాటి ఇటుకల ఆవం కట్టేరు.

తెలుగు తొందరగానే వచ్చేసింది. అందరికంటే ముందు మన 'ఆయ్' వచ్చింది. ఎవరేం అడిగినా "ఆయ్ అండి" అనేసేవారు. అలా అనేసి మొదటి ఏడాది రెండు పెళ్ళిళ్ళకీ, ఒక సత్యనారాయణ వ్రతానికీ, ఎవరిదో గట్టు తగువులో సాక్ష్యానికీ ఒప్పేసుకున్నారు. అన్నిటికీ వెళ్ళేరు కూడానూ.

నాకు ఆవిడతో పరిచయం పోట్లాటతో మొదలైంది. మా అత్తగారు డాబా మీద మినపవడియాలు పెట్టేరు. మర్నాటికి చూస్తే వడియాలన్నీ నల్లగా మసి. నేను చీర చెంగు దోపుకుని వెళ్ళేను. "ఏవండీ, మీ పొగకి మా వడియాలన్నీ బొగ్గులైపోయేయి, మా అత్తగారికేం చెప్పమంటారు?" అని అరిచేను. ఆవిడ నడుం దాకా వంగి "తప్పేనండి" అని, లోపలికెళ్ళి టీ తెచ్చేరు. చెవి లేని గుండ్రటి కప్పు. రెండు చేతుల్తో పట్టుకుంటే గాని నిలవదు. రెండు చేతులూ కప్పుకిచ్చేసేక వేలు చూపించి పోట్లాడ్డం ఎలాగండీ? టీ తాగేసరికి నా కోపం ఎటుపోయిందో పోయింది.

ఆవిడ నా చేతులకేసి చూస్తున్నారు. "పిండి బాగా కలుపుతారాండి?" అన్నారు.

"కలపకేం, అరిసెల పిండి దగ్గర మా ఇంట్లో నా తర్వాతే ఎవరైనా."

"అయితే రేపు రండి."

మర్నాటి నుంచి వంటయ్యేక వెళ్ళడం, మట్టి పిసకడం, రావడం. పిసికి పిసికి భుజాలు పడిపోయేవి. కుండలు తిప్పే సారె ముట్టుకోనిస్తే ఒట్టు. అసలే నాకు ఓపిక తక్కువ, ఆ పైన మా ఆయన రోజూ గుమ్మంలో నిలబడి "ఏవోయ్, ఇంకా పిండేనా? గారెలెప్పుడు?" అని నవ్వేవారు. అలా ఏళ్ళే గడిచేయి. తీరా సారె ఎక్కనిచ్చేక, నేను చేసిన ప్రతి గిన్నెలోనూ వేలు పెట్టి పొడిచేసి మళ్ళీ ముద్ద చేసేవారు. ఓసారి ఉండబట్టలేక "అది బాగానే ఉంది కదండీ!" అన్నాను. "బాగానే ఉందండి. మట్టికి తొందరేం లేదు, మీకే ఉంది" అన్నారు.

తను పడ్డదానిముందు నాది ఏపాటిదో తర్వాత తెలిసింది. చిన్న వయసులో ఒక పెద్దాయన దగ్గర శిష్యరికానికి వెళ్తే గుమ్మంలోంచే పొమ్మన్నారట. మర్నాడు మళ్ళీ వెళ్ళేరట. ఆ మర్నాడూ వెళ్ళేరట. ఆఖరికి ఆయన విసుగెత్తి చీపురు చేతిలో పెట్టేరు. వాకిలి ఊడవడం, వంట చెయ్యడం, గురువుగారి పిల్లల్ని బడికి దింపడం, బూడిద జల్లించడం, మట్టి పిసకడం. ఇదే చదువు. పైగా ఆడవాళ్ళు ఆవం దగ్గరికి రాకూడదని అక్కడి పెద్దల పట్టింపు. ఆవం కాలుతున్నన్నాళ్ళూ ఆవిడ వంటింట్లో అన్నం ముద్దలు చుట్టి మగవాళ్ళకి పంపించేవారు.

"మీ దేశంలో కూడానా!" అని నేను బుగ్గలు నొక్కుకుంటే, "వంటిల్లు ఎక్కడైనా వంటిల్లేనండి" అని నవ్వేవారు.

ఆ వంటింటి కిటికీలోంచి మంట రంగు చూసి, కట్టె వేసిన చప్పుడు విని నేర్చుకున్నారు. "మా గురువుగారు నేర్పలేదండి, నేనే దొంగిలించేను" అని ఎంత గర్వంగా చెప్పేవారో. ఆవిడ తన చేత్తో అగ్గిపుల్ల గీసి ముట్టించిన మొట్టమొదటి ఆవం మా ముక్తేశ్వరంలోదే. ఇది ఊళ్ళో చాలామందికి తెలీదు. అందుకే రాస్తున్నాను.

ఇప్పుడక్కడ అలా లేదట. కాలేజీల్లో నేర్పుతున్నారు, ఆడపిల్లలే ఎక్కువట. కరెంటు ఆవం వచ్చింది, మీట నొక్కితే ఎంత వేడి కావాలంటే అంత. కొందరు పగలు ఆఫీసుకెళ్ళి, సాయంత్రం కప్పులు చేసుకుని, ఫోనులో ఫొటో పెట్టి అమ్ముకుంటారట. ఆవిడ మేనకోడలూ అంతే. "పూర్వం రోజులే బావుండేవి కదండీ" అని నేనంటే ఒప్పుకునేవారు కాదు. "ఏం బావుండేవండి, నడుం విరిగేది. మా పిల్ల హాయిగా చేస్తోంది, మంచి కప్పులు చేస్తోంది. నేనే మొండిదాన్ని, కట్టెలు లేకపోతే తోచదు." మేనకోడలు వేడి కొలిచే మీటరొకటి పంపింది. మనిళ్ళల్లో టీవీ రిమోటుకి తొడిగినట్టు దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి మేకుకి తగిలించేరు. వాడగా నేను చూళ్ళేదు.

ఆవంలో చోట్ల గురించి చెప్పాలి. ఆవం మూతి దగ్గర, కట్టెలు పడే చోట, నిప్పూ బూడిదా నేరుగా మీద పడతాయి. అక్కడ పెట్టిన గిన్నె బీట తియ్యొచ్చు, పక్కదానికి అతుక్కుపోవచ్చు. అది శిష్యుల చోటు. మధ్యలో, మంట నాలుగువైపులా సమంగా తిరిగే చోటు గురువుది. సర్దడం ఎప్పుడూ ఆవిడ ఒక్కరే చేసేవారు, మమ్మల్నెవర్నీ చూడనిచ్చేవారు కాదు. తీసినప్పుడు తెలిసేది. ప్రతిసారీ నావి మూతి దగ్గరే. ఒకటి వంకర, ఒకటి బీట, ఒకటి బూడిద ముద్ద. ఒళ్ళు మండి ఓసారి అడిగేసేను.

"పిన్నిగారూ, నాదొక్కటి మధ్యలో పెట్టకూడదాండీ?"

"చోటు అడిగితే ఇవ్వరండి."

"మరెప్పుడిస్తారు?"

"ఇచ్చేటప్పుడు చెప్పరు" అని సైకిలెక్కి వెళ్ళిపోయేరు.

ఈ ఏడు నేను జాడీ చేసేను. "ఇన్నేళ్ళు మట్టిలో పొర్లేవు, నాకు ఊరగాయ జాడీ ఒకటి చేసిపెట్టలేకపోయేవు" అని మా అత్తగారి దెప్పు. చేసి ఆరబెట్టే బల్ల మీద పెట్టేను. పిన్నిగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగేరు. వేలు పెట్టి పొడవలేదు. ఆవం నింపేక చూస్తే బల్ల మీద లేదు. లోపలికెళ్ళిందన్నమాట, మామూలు చోటుకే అనుకున్నాను.

ఆవిడ కోరుకున్నట్టే మా రేవు దగ్గరే దహనం చేసేం. మేనకోడలు జపాన్ నుంచి ఫోనులో చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి టీవీ పెడితే భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందంటున్నారు. అక్కడ పెరిగితే నాలుగు రోజుల్లో మా తోటల్లో నీళ్ళు. కాల్చని కుండకి నీళ్ళు తగిలితే ఇంకేముంది, మళ్ళీ మట్టే. ఆవిడ ఆఖరి పనంతా ఒండ్రులో కలిసిపోతుంది.

ముట్టిద్దామంటే మా వీధి చివరి తాతగారు కర్ర ఊపుకుంటూ వచ్చేరు. "పెద్దకర్మ కాకుండా పోయినావిడ వాకిట్లో నిప్పు ముట్టిస్తారా? ఎక్కడన్నా విన్నామా?" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ మనసొప్పలేదు. ఆవిడకి ఇక్కడ మైల పట్టేవాళ్ళు ఎవరూ లేరు. కూతురిలా నేనైనా పడదామనుకున్నాను. పడితే ఆవం ముట్టించకూడదు. ముట్టించకపోతే కుండలు దక్కవు. ముట్టించినా, నేనెప్పుడూ ఆవిడ సైగ చేస్తే కట్టె అందించడమే గాని సొంతంగా ఆవం కాల్చినదాన్ని కాదు.

మా అత్తగారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఆవం ఎదురుగా వేసుకు కూర్చున్నారు. "బాబాయిగారూ, వద్దన్నది వంట పొయ్యండీ. ఇదేమన్నా వంట పొయ్యా? ఆవిడ పని సగంలో వదిలేస్తే ఆ మైల ఎప్పటికన్నా పోతుందా?" అన్నారు. తాతగారు కాసేపు గొణిగి, గట్టున కూర్చుండిపోయేరు. అత్తగారు నాకేసి తిరిగేరు. "చూస్తావేంటే, ముట్టించు. ఈ ఏడు నేనింకా వడియాలు పెట్టలేదులే."

పుల్ల గీసేను. ముందు కొబ్బరి డొక్కలు, తర్వాత మట్టలు, ఆ తర్వాత సరుగుడు కట్టెలు. మా ఆయన మేకు మీద మీటరు చూసి "పోనీ ఇది పెడదామా?" అన్నారు. పెట్టండన్నాను. ఆవిడ మొండివారు, నేను పిరికిదాన్ని. కవరు విప్పితే లోపల బ్యాటరీలు కారిపోయి ఉన్నాయి. ఏడుస్తూనే పగలబడి నవ్వేను.

ఇంక ఆవం గోడలో కంతకి కన్ను పెట్టి చూడ్డం తప్ప దారిలేదు. మంట పండుమిరప రంగులో ఉంది. ఇంకా కట్టెలు కావాలి. వేసేను. మగ్గిన మామిడిపండు రంగుకొచ్చింది. ఇక్కడ ఆవిడ కాస్త ఆగేవారు, పొగ పలచబడేదాకా. నేనూ ఆగేను. నాకిది ఎవరూ చెప్పలేదు. కట్టెలందిస్తూ అన్నేళ్ళూ నేను దొంగతనమే చేసేనని ఆ కంత దగ్గర నిలబడ్డప్పుడు తెలిసొచ్చింది. ఆఖరికి లోపలంతా కొబ్బరిపాల రంగుకొచ్చి, కుండలు తడిసినట్టు మెరిసేయి. "చాలండి" అని పైకే అనేసి మూతి మూసేను.

ఆవం చల్లారుతుండగానే గోదావరి వచ్చింది. తోటలో మోకాలు లోతు పారింది. ఆవం మూతికి కింది మెట్టు దాకా వచ్చి, రెండు రోజులు నిలబడి, వెనక్కి తీసింది. ఆ రెండు రోజులూ నేను చీపురుపుల్ల గుచ్చి నీటిమట్టం చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు మేనకోడలు చలికాలంలో వస్తానంటోంది, కట్టెల ఆవం నేర్చుకోవడానికి. మట్టి పిసకడం వచ్చా అని అడిగేను.

నీళ్ళు తీసేక ద్వారం ఇటుకలు విప్పేం. వెలుగు ముందు మూతి దగ్గర పడింది. అక్కడ ఒక్కటే ఉంది. నేను పోట్లాడ్డానికెళ్ళిన రోజున టీ ఇచ్చేరే, ఆ పోలికలోదే, చెవి లేని కప్పు. పిన్నిగారి చేతి కప్పు. శిష్యుల చోట్లో. ఒకవైపంతా బూడిద పడి, కరిగి, లేత కొబ్బరాకు రంగులో కిందికి జారింది. బీట లేదు.

టార్చి లోపలికి వేసేను. మధ్యలో, మంట సమంగా తిరిగే చోట, మా అత్తగారి జాడీ.

టార్చి ఆర్పి అక్కడే కూర్చుండిపోయేను. చాలాసేపటికి లేచి, జాడీ జోలికి పోకుండా, ముందు ఆ కప్పు తీసేను. రెండు చేతుల్తో పట్టుకున్నాను.

"ఇంకా చల్లారలేదేంటే?" అన్నారు వెనకనుంచి అత్తగారు.

"లేదండి అత్తయ్యగారూ," అన్నాను. "ఇంకా వెచ్చగానే ఉంది."