ఆవకాయ మీద పైనూనె

మా అత్తయ్య ఆవకాయ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఝపటాపూర్ అనే ఈ బెంగాలీ రైల్వే పేటలో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళన్నిటికీ ఆమె చేతి ఆవకాయే. శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికి వస్తూ తెచ్చుకున్న జాడీ ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. అడిగినవాళ్ళకి గాజు సీసాల్లో పెట్టి ఇస్తుంది. సీసా కడిగి తిరిగిస్తేనే మళ్ళీ పచ్చడి, లేకపోతే ఎంత దగ్గరివాళ్ళయినా సరే లేదు. పర్యావరణం అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. సీసాలు పారేసేవాళ్ళంటే ఆమెకి గిట్టదు, అంతే.

బడిలో పాఠాలు చెప్పుకునే ఆమె కోడల్ని, నేనే, ఆ ఆవకాయని మలంచా రోడ్డు మీద కొట్లో పెట్టించాలని పట్టుబట్టాను. కొట్టతను బెంగాలీ. సీసాలైతే పగులుతాయి, ప్యాకెట్లయితే పెట్టుకుంటానన్నాడు. లైసెన్సు తీసుకున్నాం. తినే వస్తువులకి పనికొచ్చే ప్యాకెట్లు తెప్పించాం. మూతి అతికించే చిన్న మెషీన్ కొన్నాం. అత్తయ్య నింపింది, నేను అతికించి తారీఖు ముద్ర వేశాను. ఇద్దరం మహారాణుల్లా ఆటోలో వెళ్ళి ఇచ్చి వచ్చాం.

వారం తిరక్కుండా కొట్టతను కబురు పెట్టాడు. వెళ్ళి చూస్తే ప్యాకెట్ల మూతుల నుంచి నూనె కారి, కింది అరలో ఉన్న మరమరాల ప్యాకెట్లన్నీ ఎర్రగా జిడ్డోడుతున్నాయి.

"మాసీమా, ఆచార్ భాలో, కింతు ప్యాకెట్ భాలో నా," అన్నాడు. పిన్నిగారూ, పచ్చడి మంచిదే, ప్యాకెట్టే బాగాలేదని. ఇంకొక్కసారి చూస్తాననీ, మళ్ళీ కారితే మాత్రం పెట్టుకోననీ మర్యాదగానే చెప్పాడు. పక్కనున్న ఒకావిడ మాత్రం, ఇళ్ళల్లో చేసేవి ఇంతే, శుభ్రం ఉండదని బెంగాలీలో గొణిగింది. అత్తయ్యకి బెంగాలీ బాగా తెలుసు. ఆ మధ్యాహ్నం పెరుగన్నంలో ఆవకాయ వేసుకోలేదు. ఆమె ఒట్టి పెరుగన్నం తినడం నేను ఈ ఇంటికి వచ్చాక చూడ్డం అదే మొదలు.

నాకు కోపం వస్తే ముందు ఎవర్నో ఒకర్ని తిట్టాలి. మెషీన్ అమ్మినవాణ్ణి ఫోన్లో తిట్టాను. తర్వాత, ప్లాస్టిక్ పల్చగా ఉంది కాబట్టే ఇలా అయిందని తీర్మానించి మందపాటి ప్యాకెట్లు తెప్పించాను. ఇంట్లోనే నింపి పేర్చి చూస్తే అవీ కారాయి. ప్లాస్టిక్ రెండింతలు, జిడ్డు మాత్రం అదే. పెరట్లో ఆ చెత్త గుట్ట చూస్తే నాకే సిగ్గేసింది.

మావయ్య గారు రైల్వే వర్క్‌షాపులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యారు. వంటింటి విషయాల్లో ఆయన నోరెత్తరు, అత్తయ్య ఎత్తనివ్వదు కూడా. ఆ రోజు కారిన ప్యాకెట్ ఒకటి తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో అతుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. లోపలి అంచుని వేలితో రుద్ది చూశారు.

"ఒలే, దీనికి నూనె ఎప్పుడు పోస్తన్నావు?"

"ఆకర్ని. ముక్కలన్నీ నొక్కీసి పైన పోస్తన్నాను. జాడీకి పొయ్యనా ఏటి?"

"జాడీ మూతికి వాసెన గుడ్డ కడతావు. దీనికి అతుకేస్తన్నారు. జిడ్డున్న కాడ అతుకు పడదు. మా షాపులో జాయింటు తుడవకుండా వెల్డింగ్ ఏస్తే ఫోర్‌మేన్ ఊరుకునీవోడేటి?"

ఆవకాయ బాగా పెట్టడం వచ్చినవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. జాడీలో పచ్చడి మీద వేలెడు నూనె నిలవాలి. గాలి తగలకుండా, బూజు పట్టకుండా కాపాడేది ఆ పైనూనే. వాళ్ళమ్మ నేర్పిన ఆ పద్ధతే అత్తయ్య ప్యాకెట్‌కీ చేసింది. పోసిన నూనె మూతి లోపల జారి, సరిగ్గా నేను అతికించేచోట పట్టుకుంది. చూడ్డానికి అతికినట్టే ఉంటుంది, మీద బరువు పడగానే విడిపోతుంది.

"అయితే పైనూనె మానీమంటారా?" అంది అత్తయ్య. "బూజొస్తే? తిన్నోళ్ళకి ఏటైనా అయితే?"

రెండ్రోజులు ఖాళీ ప్యాకెట్ చేతిలో పట్టుకుని తిరిగి, దానికి జవాబు అత్తయ్యే తెచ్చుకుంది.

"అమ్మీ, జాడీ కదలదు. అందుకే దానికి పైనా కిందా ఉన్నాయి. దీన్నైతే ఎలాగంటే అలాగ పడేస్తారు. దీనికి పైనేటి?"

నూనె మొత్తం ముందే బేసిన్లో ముక్కలకి కలిపేసింది. చొక్కా చేతులు మడిచినట్టు ప్యాకెట్ మూతిని బయటికి మడిచి, నింపి, మడత విప్పింది. అంచు లోపల పొడిగా ఉంది. అరచేత్తో మెల్లగా నొక్కి గాలి తీసేస్తే నూనె తనే అన్ని వైపులా పరుచుకుంది. నేను రెండు అతుకులు వేశాను, పాత పల్చటి ప్యాకెట్లకే. జిడ్డు తుడుచుకునే బాధ తప్పి పని కూడా తొందరగా తెమిలింది.

అయినా నెల రోజులు కొట్టుకి ఒక్క ప్యాకెట్ పంపనివ్వలేదు. పాత పేపర్ల మీద బోర్లించి, పైన సన్నికల్లు పెట్టి, రోజూ పేపరు మీద మరక కోసం వెతికేది. మరక పడలేదు. నెల నిండాక ఒక ప్యాకెట్ కోసి, వాసన చూసి, బూజు లేదని తేల్చుకుని, మొదటి ముద్ద తనే తిని, మర్నాడు దాకా మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

మలంచా వెళ్ళే రోజు దసరాకి కొన్న ఎర్రంచు తెల్ల నేత చీర కట్టుకుంది. బ్యాటరీ రిక్షాలో కూర్చుని, ప్యాకెట్లన్నీ ఒళ్ళో బోర్లించుకుంది.

"సంచీలో పెడతాను ఇవ్వండి అత్తయ్యా."

"ఉండనీ. నా పచ్చడి మీద నాకే నమ్మకం లేకపోతే ఆ కొట్టోడికేటుంటాది?"

రోడ్డంతా గతుకులు. ఎత్తేసినప్పుడల్లా నేను ఆ తెల్ల చీర వంకే చూస్తున్నాను. దాని మీద ఎర్ర చుక్క ఒక్కటి పడితే ఆమె ఇక జన్మలో ఊరగాయ ముట్టుకోదని నాకు తెలుసు.

కొట్టు ముందు దిగి, ప్యాకెట్లు ఒక్కొక్కటే అతని చేతికిచ్చింది. తర్వాత కుచ్చిళ్ళు రెండు చేతులతో పరిచి పట్టుకుని, "దేఖో బాబా," అంది. అతను చీర చూశాడు, ఒక్క మరకా లేదు. ప్యాకెట్లు ఈసారి అరలో పెట్టలేదు, తన గల్లా పక్కనే, వచ్చినవాళ్ళకి ఎదురుగా పేర్చాడు. నాకు డిగ్రీ వచ్చిన రోజు కూడా అంత గర్వం కలగలేదు.

ఇంటికొచ్చి చీర మార్చుకుని భోజనానికి కూర్చుంది. పెరుగన్నంలో ఆవకాయ ముక్క వేసుకుంది. కాసేపాగి రెండో ముక్క కూడా అడిగింది.