శంషాబాద్‌లో చూసిన నారింజ రంగు ఖతర్నాక్ బండి

ఇది 2012. నాకు కారు నడపడం వచ్చి ఆరు నెలలైంది. జల్‌పల్లిలో నేను హిందీ చెప్పే బడికి బడంగ్‌పేట్ నుంచి సొంత బండిలో వెళ్లాలని కోరిక. ఏ బండి అన్న దగ్గరే ఇంట్లో పేచీ. ఇంకా మార్కెట్లోకి రాని జీపులా ఎత్తుగా ఉండే ఓ చిన్న క్రాసోవర్ కారు ఫొటో పేపర్లో చూసి నేను మనసు పారేసుకున్నాను. మా ఆయనకేమో బండి తెల్లగా, బుద్ధిగా ఉండాలి. పంతులమ్మకి అంత ఆర్భాటం ఎందుకంటారు. ఆ బండిని శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు దగ్గర ఓ హోటల్ ఆవరణలో చూపిస్తున్నారనీ, అక్కడే ముందుగా పేరు రాయించుకోవచ్చనీ తెలిసి, ఇవాళ ఆదివారం కావడంతో పొద్దునే బయల్దేరాం.

బస్సులు మారే ఓపిక లేక ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, అక్కడ ఆగడంతో కలిపి ఐదు వందలు. ఎనిమిదిన్నరకు ఎక్కి, పహాడీ షరీఫ్ మీదుగా తొమ్మిదింబావుకు చేరాం. ఆటో నడిపిన యాదయ్యది శంషాబాద్ పక్క పల్లె. పొలం చేసుకుంటూనే ఇరవై ఏళ్లుగా ఆటో తోలుతున్నాడట. మా పేచీ అంతా విన్నాడు. మా ఆయన నవ్వుతూ, బండి చూసి నువ్వే చెప్పు, నీ మాటే ఆఖరు అన్నారు. నేనూ సరేనన్నాను.

ఫొటోలో కంటే ఎదురుగా ఇంకా గట్టిగా ఉంది. హెడ్‌లైట్లు రెండంతస్తులు, చక్రాల చుట్టూ మందపాటి నల్ల అంచు, ఎత్తయిన బానెట్, ఒళ్లంతా నారింజ రంగు. కప్పలా ఉందని పక్కనే ఒకాయన ముక్కు చిట్లించాడు. నాకు మాత్రం తెగ ముచ్చటేసింది. ఎవరికో నచ్చాలని తలవంచుకున్న మొహం కాదది. వంక లేదనను, వెనక అద్దం మరీ చిన్నది. యాదయ్య చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి కిందకి కూడా చూసి వచ్చాడు.

"ఖతర్నాక్ ఉన్నదక్కా."

ఇక ఆ బండి మీద ఆశ వదులుకున్నాను. తెనాలిలో పద్నాలుగేళ్లు, ఇక్కడికొచ్చాక ఏడాది, ఖతర్నాక్ అంటే ప్రమాదకరం అని బోర్డు మీద రాస్తున్నదాన్ని. మా ఆయన ఇంకేమంటావ్ అన్నట్టు చూశారు. అతని మాటే ఆఖరని ఒప్పుకున్నాను కదా, బయటికి నడిచాను.

గేటు పక్కన చాయ్ తాగుతూ ఉండబట్టలేక యాదయ్యను అడిగాను, ప్రమాదం ఎక్కడ కనిపించింది, బ్రేకుల్లోనా టైర్లలోనా అని. అతను గ్లాసు పట్టుకుని అయోమయంగా చూశాడు.

"ప్రమాదమేంది అక్కా? మస్తుగున్నదని చెప్పిన. మా బిడ్డ కబడ్డీ ఆడితె ఊరోళ్లు గట్లనే అంటరు, ఖతర్నాక్ ఆడిందని."

మా ఆయన మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, "మాటంటే మాటే. పద" అన్నారు. వెనక్కి వెళ్లి నా పేరు రాయించాను, నారింజ రంగుకే.

ఈ బండి రూపం మీద ఇంకా ఎన్నో అభిప్రాయాలు వస్తాయి. నాది మారదు. చూడ్డానికి వెళ్లేవాళ్లు పొద్దున ఎండలోనే చూడండి, డ్రైవర్ సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూశాకే పేరు రాయించండి. నాకు మాత్రం రేపు బడిలో ఒక పని ఉంది. మొన్న హిందీ వ్యాసంలో ఆరో తరగతి పిల్ల ఒకతి మా అమ్మ ఖతర్నాక్ అని రాస్తే, ఎర్ర సిరాతో కొట్టేశాను. ఆ నోటుపుస్తకం అడిగి తీసుకుని మార్కులు దిద్దాలి.