పస్తు కడుపున మాత్ర

పంకజం అనుమానపు మనిషని మద్రాసు చూలైలో వాళ్ల వీధి వీధంతా ఎరుగుదురు. పాలలో వేలు ముంచి చూడనిదే గిన్నె పట్టదు. పూలమ్మే పాప్పాత్తి మూర వేసి ఇస్తే తన మూరతో మళ్లీ కొలుస్తుంది. ఆ పాప్పాత్తి ఎండన పడి వస్తే మాత్రం మజ్జిగ తాగనిదే కదలనివ్వదు.

ఊరి పేరు చెన్నైగా మారిన మరుసటి ఏడు ఆమె పెనిమిటి ఆదికేశవులుకు చక్కెర జబ్బు బయటపడింది. డాక్టరు జనార్దనం పొద్దున టిఫినుకు ముందు వేసుకోమని చిన్న మాత్ర రాసిచ్చి, "ఒళ్లు వణికి చెమటలు పడితే వెంటనే చక్కెర నీళ్లు ఇవ్వండమ్మా" అన్నాడు. పంకజానికి అక్కడే అనుమానం పట్టుకుంది. చక్కెర జబ్బుకు చక్కెరా? తీపి తినిపించి మళ్లీ తన దగ్గరికే రప్పించుకునే ఎత్తు కాబోలు. ఇంటికి రాగానే చక్కెర డబ్బా అటకెక్కింది.

పెరటాసి నెలలో శనివారం, గోవిందుడికని ఆదికేశవులు ఉపవాసం. మందు అన్నం కాదు గదా, వ్రతం చెడదని మాత్ర మాత్రం మింగి రేకుపెట్టెల కార్ఖానాకు పోయాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చి గడపలో తూలాడు. నుదుటి నామం చెమటకు కరిగి ముక్కు మీదికి కారింది.

"ఏమయ్యా, యాడ పోయొస్తా ఉండావు?"

"పెట్టెకు... తాళం వేసిరా" అన్నాడు, నాలుక మడతపడుతూ.

తాగాడు! ఇన్నేళ్ల కాపురంలో లేనిది, అదీ గోవిందుడి శనివారం నాడు. పరువు వీధిన పడకుండా పంకజం తలుపు మూయబోతుంటే పాప్పాత్తి బుట్ట దించి తొంగిచూసింది.

"ఏమాయెనక్కా?"

"ఏం లేదు, నువ్వు పో. పండుకుంటే దిగుతాది."

"మా ఇంటాయన దినమూ తాగొస్తాడు, ఆ కంపు నాకు తెలీదా? ఈడ కంపేదీ?"

పంకజం ఒంగి వాసన చూసింది. కర్పూరం వాసనే. చెయ్యి పట్టుకుంటే చల్లగా వణుకుతోంది. చెమట, వణుకు. డాక్టరు మాటను నమ్మితే ఒక భయం, నమ్మకపోతే ఇంకో భయం. పాప్పాత్తి తన భుజం ఆనించి అతణ్ని కూర్చోబెట్టింది. పంకజం పీట ఎక్కి డబ్బా దించింది. మింగుతున్నాడో లేదో చూసుకుంటూ చక్కెర నీళ్లు గుక్క గుక్కగా తాగించింది.

కాసేపటికి అతని చూపు నిలిచింది. "ఏమే, వ్రతం చెరిపినావా?"

"చెరిపినా. లేచి అన్నం తిను."

తిన్నాక ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. "ఇట్టా ప్రాణం తీసేది ఎందుకిచ్చినారు సామీ?"

"తిండి ఉంటే కాపాడేదీ ఇదేనమ్మా. ఈ మాత్ర లోపలి గ్రంథిని తొందరపెట్టి, చక్కెరను తగ్గించే ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మీరు తిన్నారా లేదా అని చూడదు. తినకపోతే రక్తంలో చక్కెర అడుగంటుతుంది. దీని బలం రేపటిదాకా ఉండొచ్చు, ఈ రాత్రికి ఇక్కడే కనిపెట్టి ఉంటాం. మూత్రపిండాలు నీరసపడితే మందు ఒంట్లో ఇంకా నిలిచిపోతుంది, అదీ పరీక్ష చేద్దాం. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తేవాలి." చీటీ రాస్తూ, "పస్తుల సంగతి ఆ రోజే నేను అడగాల్సింది" అన్నాడు.

ఆ ఒక్క మాటతో డాక్టరు మీద అనుమానం తీరి, మొగుడి మీద మొదలైంది. తర్వాతి శనివారం మాత్ర వేయించి, ఇడ్లీల పళ్లెం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"నీ పస్తు నేనుంటాలే."

"దేవుడు ఒప్పుకుంటాడా?"

"ఆయనకు నేను చెప్పుకుంటా. ఇడ్లీ మింగినావా?"

"మింగినా."

"నోరు తెరు."